ఈసారి మద్దెలదే తప్పు

మొదట్లో బేరం బాబాయి చేతిలో ఉన్నవి ఇవీ: తమ్ముడి ఆటల కొట్టు తాళంచెవి, ఆ కొట్టులో గోడవారగా పేర్చిన డబ్బా టీవీలు, ఒక్కో టీవీ కింద ఒక్కో పాత వీడియో గేమ్ పెట్టె, అరల నిండా కాసెట్లు, సాయంత్రమైతే తలుపు తోసుకుని వచ్చే వాడుక జనం. వీటికి తోడు తమ్ముడు మంచం మీద నుంచి చెప్పిన ఒక్క మాట.

"అన్నయ్యా, పొద్దున తెరువు, రాత్రి మూసెయ్యి. మధ్యలో నీ తెలివి మాత్రం వాడకు."

తమ్ముడికి నడుం ఆపరేషనైంది. మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. బాబాయికి సొంత వ్యాపారం లేక కాదు. రెండు వీధుల అవతల వాడిన ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ కొని, తుడిచి, బాగుచేయించి అమ్మే దుకాణం ఉంది. దాన్ని భార్యకు అప్పగించి వచ్చాడు. వారం తిరక్కుండానే ఆవిడ, "మీరు లేకపోతే దుకాణంలోకి గాలి కూడా బాగా వస్తోంది" అని తేల్చేసింది.

బేరం బాబాయి అన్న పేరు ఊరికే రాలేదు. ఒక పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, "రెండైతే ఎంతకిస్తావమ్మా?" అని అడిగిన మనిషి. ఆ అడిగించుకున్న పళ్ళ డాక్టరమ్మ తమ్ముడి కొట్టుకు వాడుకగా వచ్చేవాళ్ళలో ఒకరు కావడంతో కథ ఊరంతా పాకింది. బాబాయి దానికేమీ నొచ్చుకోలేదు. రెండో పన్ను నిజంగానే సగం ధరకు పీకించుకున్నాడు.

కొట్టు తెరవడం, మూయడం రెండు రోజుల్లో వచ్చేసింది. అర్థం కానిదల్లా వ్యాపారమే. పెద్ద రోడ్డు మీద కొత్త గేమింగ్ సెంటర్ ఉంది. లోపల చల్లటి ఏసీ, ఊగే కుర్చీలు, గోడంత తెరలు. ఆ తెర మీద గుర్రం పరుగెత్తితే దాని మెడ మీద చెమట కూడా కనిపిస్తుంది. అంత వైభోగం వదిలేసి ఈ జనం ఇక్కడికొచ్చి, గోరంత చదరాలు అతికించి చేసిన ఉడతను ఇళ్ళ కప్పుల మీద గెంతిస్తూ కూర్చుంటారు. డబ్బిచ్చి మరీ. సరుకు ఎందుకు అమ్ముడుపోతోందో తెలియకుండా అమ్మేవాడు, ఎందుకు ఆగిపోయిందో తెలియకుండానే మునుగుతాడని బాబాయి నమ్మకం. అందుకని వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే కదిపాడు.

"డాక్టరమ్మా, మీ ఇంట్లో కొత్త గేమ్ మిషను ఉందటగా. మళ్ళీ ఇక్కడికెందుకమ్మా?"

"ఉంది బాబాయ్, మా అబ్బాయి కొన్నాడు. నాకు రోజుకు దొరికేది అరగంట. దాన్ని పెట్టగానే, ఆగు, కొత్త మార్పులు దించుకుంటున్నానంటుంది. దించుకుంటుంది, దించుకుంటుంది, నా అరగంట హరీమంటుంది. మర్నాడు పెడితే నిన్నటి మీట ఇవాళ ఇంకోచోట ఉంటుంది. ఇక్కడైతే కాసెట్ దోపడం, మీట నొక్కడం, ఉడత గెంతడం."

"అంటే తొందరగా తేలిపోతుందనా?"

"తొందరని కాదు. దీనికి చివర ఉంది. కొత్తవాటికి చివరుండదు. అయిపోయిందనుకుంటే ఇంకో ముక్క తగిలిస్తారు. అది కావాలంటే మళ్ళీ డబ్బు. మంచి కత్తికి డబ్బు. టోపీకి డబ్బు."

బాబాయి కళ్ళు మెరిశాయి. "ఆట లోపల కొట్టు పెట్టారా? కొన్నవాడికే మళ్ళీ అమ్ముతారా? అదీ లేని టోపీ?"

"లేని టోపీనే."

"ఎవరమ్మా ఆ మహానుభావుడు! కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి."

"అందుకే నేను ఇక్కడికొస్తున్నా" అని డాక్టరమ్మ ఉడత వైపు తిరిగింది.

రెండోవాడు సిటీ బస్సు డ్రైవరు. మెత్తబ్రేకు అని పేరు. అతను బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళ చేతిలో టీ కూడా తొణకదంటారు. బండి డిపోలో పెట్టేసి, మొహం కడుక్కుని, సరాసరి వచ్చి మూడో టీవీ ముందు కూర్చునేవాడు. అతను చెప్పిన కారణం వేరు.

"కొత్తవి మంచివే బాబాయ్, మా బామ్మర్ది ఇంట్లో ఆడాను. గొయ్యి వస్తోందంటే ముందే బాణం గుర్తు చూపిస్తుంది. పడబోతే అదే పట్టుకుని పైకి లాగుతుంది. నాలుగుసార్లు ఓడిపోతే, పోనీ తేలిక చేయనా అని జాలిగా అడుగుతుంది. ఒళ్ళు మండిందనుకో. నేనడిగానా జాలి?"

"మరి ఈ ఉడతో?"

"ఇది మొహం చూసి మాట్లాడదు. నిన్న ట్యాంకు ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంటుంది. దాటితే నేను దాటినట్టు, పడితే నేను పడ్డట్టు. మధ్యలో ఇంకెవరూ లేరు. పొద్దుణ్ణుంచీ ఎవడో చేసిన తప్పుకు నేను తిట్లు తింటాను. ఈ ఒక్కచోటే లెక్క సరిగ్గా ఉంటుంది."

లెక్క అనేసరికి బాబాయికి విషయం తలకెక్కింది. "అంటే ఇది అబద్ధమాడని త్రాసు."

"అదీ మాట."

ఆ ట్యాంకు సంగతి చెప్పాలి. ఉడత ఆటలో ఇళ్ళ కప్పులన్నీ దాటాక ఒక నీళ్ళ ట్యాంకు వస్తుంది. కప్పుకూ ట్యాంకుకూ మధ్య సందు. ఉడతను కప్పు అంచు దాకా పరుగెత్తించి, దాని ముందుకాళ్ళు గాల్లోకి వచ్చిన ఆ క్షణాన మీట నొక్కాలి. ముందు నొక్కితే ట్యాంకు గోడకు కొట్టుకుంటుంది, తర్వాత నొక్కితే సందులో పడుతుంది. డ్రైవరు మాట్లాడుతూ మాట్లాడుతూ దాటించేవాడు. గిరాకీ లేని మధ్యాహ్నాలు కూర్చుని బాబాయి కూడా నేర్చుకున్నాడు. మొదటిసారి దాటిన రోజు ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు.

"నేను పొద్దున ఒక ఫ్రిజ్, మధ్యాహ్నం రెండు మిషన్లు అమ్మాను" అంది ఆవిడ. "మీ ఉడత గెంతిందా? సంతోషం."

ఇంతవరకూ బాగానే నడిచింది. బాబాయి తెలివి మాత్రం ఎన్నాళ్ళని ఖాళీగా కూర్చుంటుంది? బస్టాండు పక్కనున్న లాడ్జి మూతపడుతూ గదుల్లోని ఎల్ఈడీ టీవీలను గుత్తగా అమ్మేస్తోందని తెలిసింది. పల్చగా, పెద్దగా, నిగనిగలాడుతున్నాయి. లాడ్జి మేనేజరును కూర్చోబెట్టి, నిలబెట్టి, చివరికి బతిమాలించి మరీ కొన్నాడు. డబ్బా టీవీలను తుక్కత్తకు తోలేశాడు. తుక్కత్త అంటే పాత సామాను కొట్టు ఆవిడ. వయసులో పెద్దది, అందరికీ అత్తే. ఒక్క టీవీని మాత్రం కాలితో పక్కకు తోసింది.

"దీని ఒళ్ళంతా పగుళ్ళే అల్లుడూ. నువ్వే ఉంచుకో, దిష్టిబొమ్మ కింద పనికొస్తుంది."

అది వెనకగదిలోనే, తమ్ముడు ఆట రిమోట్లు బాగుచేసే బల్ల మీదే ఉండిపోయింది. మిగతావన్నీ పోయాయి. వచ్చినదీ పోయినదీ కలిపి చూసుకుంటే బాబాయికి దాదాపు పైసా ఖర్చు లేదు. తమ్ముడు లేచొచ్చేసరికి కొట్టు కొత్త పెళ్ళికూతురిలా ఉంటుందని మురిసిపోయాడు.

మొదటిరోజు అందరూ బాగుందన్నారు. ఉడత పిల్లి అంత అయింది, ట్యాంకు ట్యాంకంత అయింది. తర్వాత్తర్వాత జనం పల్చబడసాగారు. గిరాకీ తగ్గడమంటే ఇస్త్రీపెట్టె చల్లారడం లాంటిది. చేయి పెట్టి చూస్తే తప్ప తెలియదు. బాబాయి చేయి పెట్టి చూసేసరికే సగం కుర్చీలు ఖాళీ. పోట్లాడి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకరికి పని ఎక్కువైందట, ఒకరికి కళ్ళు లాగుతున్నాయట. డాక్టరమ్మ ఫోనులో, "ఈమధ్య చేయి అలసిపోతోంది బాబాయ్, వయసొచ్చేసిందేమో" అని పెట్టేసింది. గంటకు తీసుకునే రేటు తగ్గించాడు బాబాయి. పన్ను పీకించుకున్నప్పుడు కూడా అంత నొప్పి కలగలేదు. ప్రయోజనం లేదు.

"టీవీలు మార్చిన సంగతి మీ తమ్ముడికి చెప్పారా?" అంది భార్య ఒకనాడు.

"వచ్చాక ఆశ్చర్యపరుద్దామని."

"ఆశ్చర్యపడాలన్నా నడుం బాగుండాలి కదండీ."

బాబాయికి నిద్ర తగ్గింది. తమ్ముడు పదిహేనేళ్ళు నిలబెట్టిన కొట్టు. తన చేతిలో పెట్టాక ఆరిపోతోంది. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. అప్పగించినదాన్ని అప్పగించినట్టు తిరిగివ్వలేకపోతే, ఆ లోటు ఏ బేరంలో పూడ్చుకుంటాడు?

మానకుండా వచ్చేవాడు డ్రైవరొక్కడే. అతని వాలకం చూస్తే రాకపోయినా బాగుండుననిపించేది. ఒకప్పుడు కబుర్లాడుతూ దాటించిన మనిషి ఇప్పుడు పెదవి బిగించి, ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి ఆడుతున్నాడు. ఉడత సందులో పడుతోంది. మళ్ళీ పడుతోంది. ఆ సాయంత్రం అతను రిమోట్ కింద పెట్టి తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయిపోయింది బాబాయ్."

"గంట ఇంకా కాలేదు. ఇంకో పావుగంట ఉంది."

"ఆట కాదు, నా పని. చేయి పోయింది." గొంతు నిలకడగానే ఉంది. "కన్ను చూసిన వెంటనే వేలు కదలడం లేదు. మధ్యలో ఎక్కడో జారిపోతోంది. మొన్న రోడ్డు మీద ఒకావిడ చటుక్కున అడ్డొచ్చింది. బ్రేకు సరిగ్గానే పడింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అప్పట్నుంచీ ప్రతి స్టాపు దగ్గరా, ఈసారి పడుతుందో లేదోనని భయం."

"ఇంత చిన్నదానికి అంత మాటా? రిమోట్ పాడైందేమో. కాసెట్‌లో దుమ్ముందేమో."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. నేనలా అనను. ఇది అబద్ధమాడని త్రాసని నువ్వే అన్నావుగా. త్రాసు చెప్పింది, వింటున్నా." లేచి చొక్కా సర్దుకున్నాడు. "రేపు డ్యూటీ మధ్యాహ్నం. అంతకుముందే డిపో పెద్దాయన్ని కలిసి బండి ఇచ్చేస్తాను. టికెట్ల గదిలో కుర్చీ ఉంటే ఇమ్మంటా. యాభైమంది ప్రాణాలు వెనకేసుకుని, చేయి వింటుందో లేదో చూద్దాంలే అనుకోకూడదు."

"స్టీరింగ్ వదిలి నువ్వు బతగ్గలవా?"

డ్రైవరు అప్పటికే గుమ్మం దాటుతున్నాడు. పావుగంట మిగిలుండగానే వెళ్ళిపోయాడు. ఇచ్చిన డబ్బుకు సరిపడా ఆడకుండా అతను లేవడం బాబాయి ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున బాబాయి కొట్టు ఇంకా పూర్తిగా తెరవలేదు. మూడో టీవీ రిమోట్ పట్టుకుని వెనకగదిలోకి వెళ్ళాడు. మీట ఇరుక్కుంటోందేమో చూద్దామని, అది తేలితే డ్రైవరును ఆపవచ్చునని ఆశ. బల్ల మీద తమ్ముడి పరీక్ష పెట్టె, దానికి తగిలించి ఆ పగుళ్ళ టీవీ ఉన్నాయి. ఉడత కాసెట్ దోపి ఆడాడు. మొదటిసారి ఉడత ట్యాంకు గోడకు కొట్టుకుంది. తొందరపడ్డాననుకుని, రెండోసారి కాస్త ఆగి నొక్కాడు.

ఉడత దాటింది.

కొన్ని వారాలుగా ఒక్కసారి కూడా దాటనిది, దాటి ట్యాంకు మీద తోక ఊపుకుంటూ నిలబడింది. మళ్ళీ ఆడాడు. మళ్ళీ దాటింది. మీటకేమీ లేదు. చేతికీ ఏమీ లేదు.

బాబాయి చిన్నప్పుడు వాళ్ళ నాన్న దుకాణంలో త్రాసు ఉండేది. ఏ పూటైనా బరువు మీద అనుమానం వస్తే నాన్న రాళ్ళను తిట్టేవాడు కాదు, సరుకును తిట్టేవాడు కాదు. కుడితట్టలోది ఎడమతట్టలోకి, ఎడమది కుడిలోకి మార్చి చూసేవాడు. అప్పుడు ముల్లు ఎటు వాలిందో చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. బాబాయి అదే చేశాడు. అదే పెట్టె, అదే కాసెట్, అదే రిమోట్ ముందుగదిలోకి మోసుకొచ్చి ఎల్ఈడీ టీవీకి తగిలించాడు. ఉడత సందులో పడింది. తిరిగి వెనకగదిలోకి మోశాడు. దాటింది. మళ్ళీ ముందుకు. పడింది. చివరికి టీవీ ముందు మొహం పెట్టి, మీట ఒక్కసారి టక్కున నొక్కి, ఉడత ఎప్పుడు కదులుతుందో చూశాడు. వేలు కదిలాక, రెప్పపాటు కూడా కాదు, రెప్పపాటులో ముక్కంత ఆలస్యంగా కదులుతోంది. ఆ ముక్కలోనే సందు ఉంది.

అప్పుడు అర్థమైంది జనం ఎందుకు పోట్లాడలేదో. ఫ్రిజ్ చల్లబడకపోతే కొన్నవాడు ఫ్రిజ్‌ను తిడతాడు, అమ్మినవాణ్ణి తిడతాడు, కాస్త తీరికుంటే అమ్మినవాడి ఏడు తరాలనూ తిడతాడు. ఇక్కడ ఒక్కరూ ఉడతను అనలేదు. పడితే తప్పు మనదే అన్న నమ్మకం మీదే కదా వాళ్ళు ఈ ఆటకొచ్చేది! ఎవరికి వాళ్ళే తమకు వయసొచ్చిందనుకుని, సిగ్గుపడి, చడీచప్పుడు లేకుండా మానేశారు.

షట్టరు సగం దించి, తాళం కూడా వేయకుండా బాబాయి డిపోకు పరుగెత్తాడు. ఎంతని అడగకుండా ఆటో ఎక్కడం జీవితంలో అదే మొదలు.

డిపోలో పెద్దాయన గది బయట బెంచీ మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ఉతికిన యూనిఫాం, దువ్విన తల. లోపల ఎవరితోనో మాటలు వినిపిస్తున్నాయి.

"చెప్పేశావా?" బాబాయి రొప్పుతున్నాడు.

"ఇంకా లేదు. లోపల ఎవరో ఉన్నారు. నువ్వేంటి ఇక్కడ? డిపోలో పాత ఫ్రిజ్‌లు లేవు బాబాయ్."

"లే. నాతో రా. నీ చేయి బాగుంది."

"ఓదార్చడానికొచ్చావా?"

"నేనా? ఎప్పుడైనా ఊరికే ఎవరికైనా ఏదైనా ఇచ్చానా? ఓదార్పు మాత్రం ఇస్తానా? ఆడలేక మద్దెల ఓడన్నవాడి సంగతి నాకు తెలియదు. ఈసారి మాత్రం మద్దెల నిజంగానే ఓడు. ఓడు మద్దెల తెచ్చి పెట్టింది నేను."

డ్రైవరు కదల్లేదు. లోపలి తలుపు తెరుచుకుంది. "తర్వాతెవరు?" అని గుమాస్తా పిలిచాడు. డ్రైవరు లేవబోయాడు. బాబాయి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అరగంట. డ్యూటీ మధ్యాహ్నమేగా? వచ్చి ఒక్క ఆట ఆడు. అప్పుడూ పడితే నేనే వెనక్కి తెచ్చి ఈ బెంచీ మీద కూర్చోబెడతా. ఆటో డబ్బులు రాను పోను నావే."

ఆ చివరిమాటకు డ్రైవరు బాబాయి మొహం పరీక్షగా చూశాడు. "నీకు ఒంట్లో బాగోలేదా?" అని, గుమాస్తాతో "కాసేపాగి వస్తా సార్" అన్నాడు.

వెనకగది ఇరుకు. డ్రైవరు ముక్కాలిపీట మీద, బాబాయి అతని భుజం మీద నుంచి చూస్తూ. ఉడత కప్పుల మీద పరుగెత్తింది. అంచు వచ్చింది. డ్రైవరు నొక్కాడు. ఉడత ఎగిరి ట్యాంకు గోడకు కొట్టుకుని దబ్బున పడింది.

డ్రైవరు రిమోట్ బల్ల మీద పెట్టబోయాడు. "చూశావుగా."

"చూశాను, కళ్ళు పెట్టుకుని చూశాను! సందులో పడలేదు, గోడకు తగిలింది. అంటే ఆలస్యం కాలేదు, ముందే నొక్కావు. ఇన్నాళ్ళూ ఆ బద్ధకపు టీవీని అందుకోవాలని ముందే నొక్కడం అలవాటైంది నీకు. నాకూ పొద్దున అదే అయింది. నీ పాత చేయి తియ్యి. కబుర్లు చెప్పే రోజుల చేయి."

"అదెక్కడుందో మరి."

"అక్కడే ఉంటుంది, ఎటూ పోదు. మీ బామ్మర్ది ఎలా ఉన్నాడు?"

"వాడికేం, మేనమామ ఇల్లు అమ్మి..." డ్రైవరు మాట మధ్యలో ఉడత అంచుకొచ్చింది, ముందుకాళ్ళు గాల్లో తేలాయి, వేలు దానంతటదే కదిలింది. ఉడత చక్కగా, మెత్తగా, బ్రేకు వేసినట్టు ట్యాంకు మీద దిగింది.

డ్రైవరు మళ్ళీ దాటించాడు. మళ్ళీ. ప్రతిసారీ అతని భుజాలు కాస్త కాస్త కిందికి దిగుతున్నాయి. ఎప్పుడో బిగబట్టిన ఊపిరిని వాయిదాల మీద వదులుతున్నట్టుంది. నాలుగోసారి దాటాక రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, చేత్తో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని బాబాయి కంగారుపడ్డాడు. కాదు, నవ్వుతున్నాడు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"బాబాయ్, నిన్ను నా బస్సు కిందే తోసెయ్యాలి."

"తొయ్యి నాయనా. కాకపోతే బస్సు నువ్వే నడపాలి, ఇంకెవరో నడిపితే ఒప్పుకోను."

"ఎన్ని రాత్రులు పడుకోలేదో తెలుసా? మా ఆవిడకు కూడా చెప్పలేదు."

"ఇప్పుడూ చెప్పకు. నా పేరు ఎత్తి తిడుతుంది."

బాబాయి గుండెల మీది బండ దిగింది. మనిషి తేలికై ఫోను తీసి డాక్టరమ్మకు కలిపాడు. చేతికి వయసు రాలేదని, వచ్చింది టీవీకని చెప్పాడు.

"అంటే నేను కష్టమైన పళ్ళన్నీ ఇంకో డాక్టరు దగ్గరికి పంపిస్తున్నది..."

"ఇక పంపకమ్మా. చేతికొచ్చిన గిరాకీ."

"మీరు మాత్రం ఈసారి పన్ను నొప్పితో రండి బాబాయ్, మీ సంగతి చెప్తా." గొంతులో కోపం లేదు. పక్కనున్న ఎవరితోనో, "ఆ మూడింటి పేషెంటును ఆపు, నేనే చూస్తా" అనడం వినిపించింది.

డ్యూటీకి ఇంకా టైముందని డ్రైవరు కూడా తుక్కత్త దగ్గరికి బయల్దేరాడు. దారంతా బాబాయి పాఠం చెప్పాడు. టీవీలు కావాలని కనపడకూడదు, వేరే దేనికో వచ్చినట్టుండాలి, మధ్యలో మాటవరసకు అడగాలి. పాత సామాను కొట్టులో డబ్బా టీవీలు టార్పాలిన్ కింద అలాగే ఉన్నాయి. అద్దం ఎవరికీ అక్కర్లేక ఆవిడ ఇంకా పగలగొట్టించలేదు. బాబాయి వాటి వైపు చూడకుండా ఒక పాత ఫ్యాను రెక్కను తిప్పి చూస్తున్నాడు. డ్రైవరు టార్పాలిన్ ఎత్తి కేక పెట్టాడు.

"బాబాయ్! అన్నీ ఉన్నాయి! అత్తా, నువ్వు చల్లగా ఉండాలి, ఇవి లేకపోతే మేం చచ్చేవాళ్ళం!"

బాబాయి ఫ్యాను రెక్కతో నుదురు కొట్టుకున్నాడు. తుక్కత్త కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ఓహో. ఎంతకమ్మావు అల్లుడూ నాకు? దానికి మూడింతలు."

"సరే" అన్నాడు బాబాయి.

తుక్కత్త చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. "ఏమన్నావు?"

"సరేనన్నాను. బండి పిలిపించు."

"రెండింతలు అన్నాననుకుంటున్నావేమో, మూడన్నా."

"మూడే. ఇస్తానంటున్నా కదత్తా."

ఆవిడ మొహం వాడిపోయింది. "ఇదేం పాడు రోజు. మూడంటే నువ్వు సగం అనాలి, నేను నిన్ను తిట్టాలి, నువ్వు లేచి వెళ్ళబోవాలి, గుమ్మం దగ్గర నేను పిలవాలి. ఇలా ఇచ్చేస్తే నాకు అమ్మినట్టే లేదు. పో, రెట్టింపు ఇచ్చి తీసుకుపో. బండి కిరాయి కూడా నాదే. రేపట్నుంచి మాత్రం మనిషిలా ఉండు."

ఒక్కో టీవీ ఒక్కో బండరాయంత బరువు. డ్రైవరు వాటిని పసిపిల్లల్లా ఎత్తి దించాడు. మూడోది పెట్టి, అద్దం తుడిచి, వాచీ చూసుకుని డిపోకు వెళ్ళాడు. ఈసారి పెద్దాయన గదికి కాదు, బండికి.

వారం గడిచేలోపు కుర్చీలు నిండాయి. బాబాయి ప్రతివాళ్ళకూ జరిగింది జరిగినట్టే చెప్పాడు. ప్రతివాళ్ళూ ముందు తిట్టారు, తర్వాత తమ చేతులు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు అందరిదీ ఒకేలా ఉంది. డాక్టరు, నీకేమీ లేదు, ఇంటికెళ్ళమన్నప్పుడు వచ్చే నవ్వు. లాడ్జి టీవీలను బాబాయి భార్య ఒక హాస్టలుకు లాభానికే అమ్మేసింది. అందులో పైసా మొగుడి చేతికివ్వలేదు.

తమ్ముడు నడుంకు బెల్టు కట్టుకుని, భార్య భుజం పట్టుకుని కొట్టులోకి వచ్చిన రోజు బాబాయి తాళంచెవి ఇచ్చి, కథ మొదటినుంచీ చెప్పాడు. తమ్ముడు నవ్వబోయి, నడుం పట్టేసి, "అబ్బా, నవ్వించకు అన్నయ్యా" అన్నాడు.

"నిజంగా ఆ టీవీకి ఏం రోగంరా?"

"రోగం కాదు, సోకు. పాత పెట్టె పంపే బొమ్మ దానికి నచ్చదు. దాన్ని సాగదీసి, నునుపు చేసి, అప్పుడు చూపిస్తుంది. ఆ ముస్తాబుకు పట్టే టైమే నువ్వు చూసింది. డబ్బా టీవీకి అంత తెలివి లేదు, వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది."

"బావగారికి ఏమైనా ఇవ్వండి" అంది మరదలు. "మూడు నెలలు కూర్చున్నారు."

"చెప్పన్నయ్యా, ఎంతిమ్మంటావు?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "డబ్బొద్దు. రోజూ సాయంత్రం గంటసేపు వెనకగది టీవీ నాది. ఊరికే."

"గంటా? అరగంట."

"ముప్పావుగంట, టీ నీది."

"అరగంట, టీ నాది."

"సరే, ఖాయం."

చివరి లెక్క చూస్తే: తుక్కత్తకు రెట్టింపు కట్టింది నష్టం. రేటు తగ్గించిన వారాలు నష్టం. బేరమాడని ఆటో ఒకటి, అది ఇప్పటికీ కలుక్కుమంటుంది. రాబడి వైపు, కొట్టు ఇచ్చినట్టే తిరిగి ఇచ్చాడు, డాక్టరమ్మ కష్టమైన పళ్ళు కూడా తనే పీకుతోంది, సిటీ బస్సులో నిలబడ్డవాళ్ళ టీ తొణకడం లేదు. బాబాయి సొంతానికి మిగిలింది రోజుకు అరగంట. దాన్ని కొనేవాళ్ళు లేరు, ఉన్నా అమ్మడు. అన్నీ తీసివేయగా, లాభమే.